పొయ్యిరాళ్ల చిరుత

బిళిగిరి కొండల్లో ఏ చెట్టుకు ఎన్ని తేనెపట్లున్నాయో సోలిగ తెగకు చెందిన జడేగౌడకు నోటికి వచ్చు. వయసు మాత్రం చెప్పలేడు. ఎవరైనా అడిగితే, "వెదురు పూసిన ఏడు పుట్టానని మా అమ్మ అనేది. ఆ వెదురు మళ్లీ పూసింది, ఎండింది కూడా. లెక్క మీరే వేసుకోండి" అంటాడు.

పదకొండేళ్లుగా అతని పని అడవిలో చెట్లకు ఫోటో పెట్టెలు కట్టడం. ముందునుంచి ఏ జంతువు వెళ్లినా పెట్టె తనంతట తానే బొమ్మ తీసుకుంటుంది. మైసూరు నుంచి జంతువుల లెక్క తీసే మేడం రెండు నెలలకోసారి వచ్చి బొమ్మలన్నీ పట్టుకుపోతుంది. ఈలోగా వారం వారం వెళ్లి బ్యాటరీలు మార్చడం, చిన్న తెరమీద బొమ్మలు చూసుకోవడం జడేగౌడ వంతు. వాగుదారిలో అటొకటి ఇటొకటి ఎదురెదురుగా కట్టాలని మేడం చెప్పింది. ఒకదాన్ని ఏనుగు తొక్కేసింది. మిగిలిన ఒక్క పెట్టెలో మూడేళ్లుగా ఒక ఆడచిరుత కనిపిస్తూ వచ్చింది. భుజం మీద మూడు మచ్చలు, మూడు పొయ్యిరాళ్లు పేర్చినట్టు. అందుకే గూడెంలో దాన్ని పొయ్యిరాళ్లామె అనేవారు. కళ్లారా జడేగౌడ చూసింది రెండే సార్లు, అదీ పొదలోకి దూరిపోతున్న తోక. బొమ్మల్లో మాత్రం సొంత మనిషి.

ఆ వేసవిలో కాఫీతోట కంచె పక్కగా వస్తుంటే అతని కాలికి ఉచ్చు తగిలింది. మోటారుసైకిల్ క్లచ్ తీగతో చేసినది. ఎవరి పనో అడగక్కర్లేదు. ఆ తోటకు కాపలా అతని భార్య తమ్ముడు కేతేగౌడ.

"ఏమోయ్, ఇది పందికా, నా ఉద్యోగానికా?"

"పందికే బావా. గడ్డలన్నీ పెకిలించేసింది. ముందు దానికి బుద్ధి చెప్పు, తర్వాత నాకు చెబుదువుగాని."

"చిరుత తిరిగే దారిరా ఇది. తీసెయ్."

"కొండమీది రంగనాథుడు మన సోలిగ పిల్లను చేసుకుని ఊరందరికీ బావయ్యాడు. ఆ బావ ఏనాడైనా నోరెత్తాడా? ఈ బావకే నోరెక్కువ!"

జడేగౌడకు నవ్వొచ్చింది. నవ్వి వచ్చేశాడు. తీసెయ్ అన్నాడే గాని తీసేదాకా అక్కడ నిలబడలేదు. అడవి గార్డుకూ చెప్పలేదు. సొంత బావమరిది మీద ఎలా చెబుతాడు?

తరువాతి వారం పెట్టెలో పొయ్యిరాళ్లామె లేదు. వేరే ఆడచిరుత ఉంది. దాని భుజం మీద మచ్చలు తెగిన గొలుసులా వరసగా జారి ఉన్నాయి. మరో వారం చూసినా అదే. ఆపై వారమూ అదే. ఒక ఆడచిరుత తిరిగే చోటికి ఇంకొకటి ఊరికే వచ్చి మకాం వేయదు. పాతది పోతేనే వస్తుంది. జడేగౌడకు ఆ ఉచ్చు గుర్తొచ్చింది. తోటకు పరుగెత్తాడు.

"అన్నీ తీసేశాను బావా, నీమీద ఒట్టు. కానీ ఒకటి దొరకలేదు. కట్టినచోట తీగ తెగిపోయి ఉంది" అన్నాడు కేతేగౌడ. ఈసారి వాడూ నవ్వలేదు.

నడుముకు తీగ బిగుసుకుని ఏ బండ సందులో పడి చచ్చిందో! జడేగౌడ వారం రోజులు బండలన్నీ గాలించాడు. కుళ్లు వాసన కోసం గాలికి ఎదురు నిలబడ్డాడు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం ఇంకా బాధగా ఉంది. ఆ రోజు తను నవ్విన నవ్వు చెవుల్లో మోగుతూనే ఉంది.

రాగిసంగటి ముద్ద ముట్టకుండా పళ్లెం తోసేస్తుంటే భార్య మాదమ్మ ఊరుకోలేదు.

"సవతి పోయినట్టు ఏంటయ్యా ఆ ఏడుపు? ఏదీ, కొత్తదాని మొహం నన్నూ చూడనీ."

అతను ఫోనులోకి ఎక్కించుకున్న రెండు బొమ్మలూ చూపించాడు. మాదమ్మ చాలాసేపు చూసింది.

"ఇది ఇటు నడుస్తోంది, అది అటు నడుస్తోంది. ఈ పక్క మచ్చలు ఆ పక్క ఎందుకుంటాయి? నాకు ముక్కుపుడక ఒక్క వైపే కదా. రెండో వైపు నుంచి చూస్తే నేను నీ పెళ్లాన్ని కానా?"

"పెట్టె కట్టింది ఒక్క చెట్టుకే కదే. అది వాగుకు దిగేటప్పుడే ఈ దారిన వస్తుంది, ఎక్కేటప్పుడు వేరే దారి. ఎప్పుడూ ఆ పక్కే పడాలి."

"ఆ చెట్టుకేనా? బాగా గుర్తుచేసుకో."

అప్పుడు గుర్తొచ్చింది. ఉచ్చు చూసిన రోజు పొద్దునే, పెట్టె కట్టిన చెట్టు తొర్రలో కొత్తగా తేనెటీగలు కాపురం పెట్టాయి. కాపురమున్న గుమ్మానికి అడ్డంగా పెట్టె కట్టే సోలిగ ఉండడు. పట్టీ విప్పి దారికి అవతలి చెట్టుకు కట్టేశాడు. కాలికింది పామును తప్పించి నడిచినట్టు చేసిన పని. మనసులో నిలవనే లేదు.

ఆశ పుట్టింది గాని నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు చెరువుగట్టున కట్టిన పెట్టె ఒకటి విప్పి తెచ్చి, తేనెటీగల చెట్టుకు నాలుగు అడుగుల అవతల, పాత పెట్టెకు ఎదురుగా కట్టాడు. ఐదు రోజులు ఎలా గడిచాయో అతనికే తెలుసు. ఆరో రోజు మధ్యాహ్నం రెండూ విప్పి చూశాడు. ముందురోజు సాయంత్రం ఆరూ పదికి ఒక పెట్టెలో తెగిన గొలుసు చిరుత. అదే ఆరూ పదికి ఎదుటి పెట్టెలో మూడు పొయ్యిరాళ్లు.

మెడ చూశాడు. నడుము చూశాడు. కాళ్లు ఒక్కొక్కటే చూశాడు. ఎక్కడా తీగ లేదు. పొట్ట మాత్రం బాగా నిండి ఉంది, ఏ జింకనో తిన్నట్టుంది. జడేగౌడ దారిమధ్యలోనే చతికిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటుంటే ఒక తేనెటీగ వచ్చి చేతిమీద వాలింది. "నీవల్లే గదే తల్లీ" అని దాన్ని మెల్లగా ఊదాడు.

అక్కడినుంచి తిన్నగా తోటకు వెళ్లాడు.

"బతికే ఉందిరా" అన్నాడు. కేతేగౌడ హమ్మయ్య అని చేతిలో బుట్ట కింద పెట్టాడు. "కూర్చోకు. ఆ తెగిన తీగ వెతుకుదాం పద" అన్నాడు జడేగౌడ.

"ఉందన్నావుగా, ఇంకా ఎందుకు?"

"ఈసారి దొరికేదాకా నిలబడతాను."

పొద్దు వాలేవేళకు పందులు పొర్లే బురదగుంటలో దొరికింది. ఉచ్చుముడిలో నల్లటి పందివెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. పంది కూడా తప్పించుకుపోయింది. కేతేగౌడ తీసి దాచిన తీగలన్నీ తెచ్చి, బావ అడగకుండానే, అతని చేతుల్లో పెట్టాడు.

ఆ పూట జడేగౌడ పొయ్యి దగ్గర రోజూ కూర్చునే చోటు వదిలి అవతలి వైపు కూర్చున్నాడు. మాదమ్మ సంగటి కెలుకుతూ ఓరగా చూసింది.

"ఏంటి, చోటు మారావు?"

"ముక్కుపుడక కనిపిస్తుందని."

"ఇన్నేళ్లకా! తిను ముందు. చల్లారితే గొంతు దిగదు."

జడేగౌడ రెండు ముద్దలు తిని, మూడోది వడ్డించమన్నాడు.