ఖాసింబీ నేర్పిన కుంటాట

బోయిగూడలోని ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో ఖాసింబీ ఆయా. గంట కొట్టడం, కుండల్లో నీళ్ళు నింపడం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం ఆమె పని. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన రోజుల్లో, ముస్లింల మీద దాడులు జరుగుతున్నాయని విని ఆమె భయంతో తలుపు గడియ వేసుకుని ఇంట్లోనే ఉండిపోయింది. మూడో వారం ప్రధానోపాధ్యాయురాలు అనసూయమ్మ తానే నడిచి వచ్చి తలుపు తట్టింది.

"బడి తెరిచినం. నువ్వు లేక పిల్లలు ఆగమాగం ఐతున్నరు. నడువు, నాతోని రా."

ఇద్దరూ బజారు మధ్యలోంచి పక్కపక్కనే నడిచి వెళ్ళారు. ఆ నడకను ఖాసింబీ ఎన్నటికీ మరచిపోలేదు.

మరుసటి ఏడాది విద్యాశాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. పిల్లల చేత రోజూ అరగంట వ్యాయామం చేయించాలట. అనసూయమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. కొత్తగా చేరిన సువార్త టీచరు పుస్తకం చూస్తూ "ఒకటి, రెండు" అని చేతులు ఎత్తించింది. మూడు రోజులకే ఆవులింతలు మొదలయ్యాయి. నాలుగో రోజు సగం మందికి కడుపునొప్పి వచ్చింది.

ఖాసింబీ బిందె దించి మెల్లగా అంది: "పంతులమ్మా, గిట్ల నిలబెడితే పిల్లలకు హుషారు ఎట్లొస్తది? నన్ను జెర ఆడించనియ్యుండ్రి."

"నీకేం ఆటలొస్తయ్?" అని అడిగింది అనసూయమ్మ.

"కుంటాట, తొక్కుడుబిల్ల, తాడాట. చిన్నప్పుడు మా గల్లీల నన్ను అందుకున్నోళ్ళు లేరు."

కొంగు నడుముకు చుట్టి, నేల మీద గీత గీసి, నలభై ఏళ్ళ మనిషి ఒంటికాలి మీద గెంతింది. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత వెంటపడ్డారు. సువార్త కూడా చెప్పులు విడిచి బరిలోకి దిగింది.

ఒక తల్లి వచ్చి, ఆడపిల్లలకు ఈ గంతులేమిటని నిలదీసింది.

"బిడ్డ అన్నం మంచిగ తింటున్నదా అక్కా?" అని అడిగింది ఖాసింబీ.

"తింటున్నది. రొట్టె సుత ఇంకోటి అడుగుతున్నది," అని ఒప్పుకుని ఆ తల్లి వెళ్ళిపోయింది.

చలికాలంలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిల్లల పరుగులు చూసి, వ్యాయామం ఎవరు నేర్పుతున్నారని అడిగాడు. ఆయా పిల్లల్ని ఆడించిందని తెలిస్తే నౌకరీ పోతుందేమోనని ఖాసింబీ కుండల చాటుకు జరిగింది.

"ఖాసింబీ గారు," అంది అనసూయమ్మ.

ఆ బడిలో ఆమెను 'గారు' అని పిలవడం అదే మొదలు. ఇన్‌స్పెక్టరు పేరు రాసుకుని, రాంగోపాల్‌పేట్ బడి టీచర్లకు కూడా ఆటలు చూపించమన్నాడు. అప్పటినుంచి శనివారాలు ఆమె అక్కడికి వెళ్ళింది.

కాగితాల మీద ఖాసింబీ చివరిదాకా ఆయాయే. అందుకు ఆమె ఎన్నడూ చిన్నబోలేదు. నమాజు అయ్యాక దేవుణ్ణి వేడుకునే దువాలో తన పిల్లలకంటే ముందు అనసూయమ్మను తలచుకునేది. ఆ సంగతి తెలిసి అనసూయమ్మ ఒకసారి కళ్ళు తుడుచుకుంది.

"నా కోసం ఎందుకే? మన పిల్లల కాళ్ళల్ల బలమొచ్చింది నీ చేతనే గదా," అంది.