బల్బు ఆరాక

2002 వేసవిలో మా సైన్సు టీచర్లకు శక్తి వనరుల పాఠాల మీద ఒంగోలులో ట్రైనింగ్ పెట్టారు. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ట్రైనింగ్ ఇచ్చే మాస్టారు నన్ను పిలిచి, స్టాండు వేసిన సైకిల్ ఎక్కి డైనమోతో బల్బు వెలిగించమన్నారు. అడ్డం రాకుండా కొంగును మెడచుట్టూ తిప్పి వెనక్కి వేసుకుని తొక్కాను. బల్బు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉన్నట్టుండి మెడ బిగుసుకుంది. కొంగు వెనక చక్రంలో చుట్టుకుంటోంది. వెంటనే తొక్కడం ఆపేశాను, చక్రం మాత్రం ఆగలేదు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఒక చేత్తో కొంగు పట్టుకుని రెండో చెయ్యి ఊపాను. హుషారుగా ఉన్నాననుకుని చప్పట్లు పెంచారు.

“వెలుతురు తగ్గిపోతంది మేడం, గట్టిగా తొక్కండి” అన్నారు మాస్టారు.

చక్రం ఆగితేనే బల్బు ఆరుతుంది. దాన్నే చూస్తూ, ఆరిపోవాలని వెయ్యి దేవుళ్లకు మొక్కాను. కళ్లు బైర్లు కమ్ముతుండగా ఆరింది. అప్పుడు చూశారు అందరూ నా మొహం. కరీమున్నీసా టీచరు పరుగున కత్తెర తెచ్చి కొంగు కోసేశారు.

“ఒక్క మాట చెప్పొచ్చు కదండీ” అన్నారు మాస్టారు.

ఇప్పటికీ ఆ పాఠం సైకిల్‌తోనే చెబుతాను. క్లాసంతా బల్బును చూస్తుంటే, నేను తొక్కే పిల్ల మొహం చూస్తుంటాను.