కుడి పేజీ, ఎడమ పేజీ

ప్రయోగశాలలో స్పిరిటు దీపం వెలిగించినప్పుడల్లా ముందుగా మా నాయిన గుర్తుకొస్తాడు. ఆయన వెనుకే రాజలింగం సారు. సారా వాసనా స్పిరిటు వాసనా ఒకటి కావని నాకు తెలుసు. అయినా జ్ఞాపకం పరీక్షలకు లొంగదు.

అరవైల మొదట్లో, ఆలేరుకు నాలుగు మైళ్ల దూరంలోని మా ఊరి బడిలో, సారు మాకు సైన్సు చెప్పేవారు. ఆయన పద్ధతి ఒక్కటే: నోటుబుక్కులో కుడి పేజీ చూసినదానికి, ఎడమ పేజీ అనుకున్నదానికి. రెండూ కలిస్తే పేజీ కొట్టేసి మళ్లీ రాయించేవారు.

నాయిన మంచి నేతగాడు. నేను ఆరో తరగతికి వచ్చేసరికి, సారా పడనిదే ఆయన చేతులు మగ్గం మీద నిలిచేవి కావు. ఒకరోజు నా పక్కన కూర్చునే అమ్మాయి "తాగుబోతోని బిడ్డ" అని నవ్వింది. ఏడుస్తూ సారు దగ్గరికి వెళ్లాను.

"మా నాయినకు సిగ్గు లేదు సార్."

"గది ఏ పేజీల రాస్తవు బిడ్డా?" అన్నారాయన. "నువ్వు కండ్లతోని చూసిందేంది?"

"పొద్దుగాల చేతులు వణుకుతయి. అన్నం సయించదు. మా ముంగట తలెత్తడు."

"సిగ్గు లేనోడు తలెందుకు దించుతడు? జర చూసి రాయి."

ఏడో తరగతి అయ్యాక, నల్లగొండలో హాస్టలు దరఖాస్తుకు తండ్రి సంతకం కావలసివచ్చింది. ఆ రోజే ఆఖరు. నాయిన వస్తే పరువు పోతుందని మేనమామను వెంటబెట్టుకొని బడికి వెళ్లాను. సారు కాగితం తిరిగి నా చేతికిచ్చారు. "మీ నాయిన ఇంట్లనే ఉన్నడు గదా. తోల్కరాపో."

నాయిన ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చాడు. కలం పట్టగానే చెయ్యి అదిరింది. బడి గుమాస్తా సిరా డబ్బా ముందుకు జరిపి, "వేలిముద్ర ఎయ్యిరాదే, పనైపోతది" అన్నాడు. చదవడం, రాయడం వచ్చిన నాయిన ముఖం మాడిపోయింది. లేవబోయాడు.

"కూసో నర్సయ్యా," అన్నారు సారు. "రాసుడు నీది. కాగితం కదలకుండ నేను పట్టుకుంట."

ఆయన నాయిన చేతిని పట్టుకోలేదు, కాగితాన్నే పట్టుకున్నారు. మూడక్షరాలకు చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత నాయిన తాగుడు మానాడని రాస్తే బాగుండేది, మానలేదు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు నా ఎదుట తల దించుకోవడం మాత్రం తగ్గింది. దానికి కారణం సారేనని నేను నిరూపించలేను. అప్పటినుంచి నేను నాయిన పక్కన కూర్చొని అన్నం తిన్నానన్నది వాస్తవం.

తాగే తల్లి మీదో తండ్రి మీదో ఎవరైనా తీర్పు చెబుతుంటే, అది ఏ పేజీలోదని ఇప్పటికీ అడుగుతాను. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. కుడి పేజీలో ఆనాటి నా రాత: "చెయ్యి వణికింది. సంతకం పెట్టిండు." ఎడమ పేజీ ఖాళీ.