సేఫ్టీ కారు ఆగకూడదు

నా భార్య చనిపోయిన ఏడాదే నన్ను రేసులకు పిలిచారు. నేను అంబులెన్సు డ్రైవర్ని, ఉక్కునగరంలో క్వార్టరు. పద్మనాభం ఊరికి వెళ్ళే దారిలో చిన్న ట్రాకు వేసి కార్ల పోటీలు పెట్టే క్లబ్బువాళ్ళకు, ఎంత గోల జరుగుతున్నా స్టీరింగు మీద చెయ్యి వణకని మనిషి కావాలట. ఆదివారాలు క్వార్టర్లో ఒక్కణ్ణే కూర్చోలేక ఒప్పుకున్నాను.

సేఫ్టీ కారు పని చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. ట్రాకు పక్కన హెల్మెట్టు పెట్టుకుని పొద్దస్తమానం కూర్చోవాలి. ఎక్కడైనా కారు పల్టీ కొడితేనే మనకు పిలుపు. అప్పుడు పైన పసుపు లైట్లు వేసుకుని, పోటీ కార్లన్నిటికీ ముందు నడవాలి. వెనక ఎవరూ ఎవరినీ దాటకూడదు, నన్ను అసలే దాటకూడదు. అలా వాళ్ళను అదుపులో పెట్టి తిప్పుతూ ఉంటే, ఈలోగా క్రేను వచ్చి పడ్డ కారును తీసేస్తుంది. పిలుపు రాకపోతే అది మంచి రోజు. అలాంటి మంచి రోజుల్లో సాయంత్రందాకా నాకు తోడు పక్క సీట్లో కంట్రోలు రూముతో మాట్లాడే రేడియో పట్టుకుని కూర్చునే గోదావరి జిల్లా పెద్దాయన ఒక్కడే. ఆయనా ఎక్కువగా రేడియోతోనే మాట్లాడేవాడు.

క్రేను నడిపేది నా బావమరిది. గోపాలపట్నంలో ఉంటాడు. అక్క ఉన్నన్నాళ్ళూ సెలవు దొరికితే చాలు మా వంటింట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. ఆమె కర్మలు అయిపోయాక మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ట్రాకు దగ్గర ఎదురుపడితే "బాగున్నావా బావా" అనేవాడు. "ఆఁ" అనేవాణ్ణి. మా మధ్య తగాదా ఏమీ లేదు. ఉంటే తీర్చుకునేవాళ్ళమే.

ఒక వేసవి మధ్యాహ్నం మలుపులో ఒక కారు అదుపు తప్పి టైర్ల గోడను గుద్ది, పక్కకు ఒరిగి పడింది. డ్రైవరు లోపలే ఉండిపోయాడు. రేడియో మోగింది. లైట్లు వేసి ట్రాకు మీదికి వచ్చాను.

మొదటిసారి ఆ మలుపు దాటినప్పుడు డాక్టరు పరిగెడుతున్నాడు. క్రేను అప్పుడే కదులుతోంది, బావమరిది సీట్లో ఉన్నాడు. మరో చుట్టు తిరిగి వచ్చేసరికి క్రేను ఆగి ఉంది. సీటు ఖాళీ. ఒరిగిన కారు పక్కన, నేల మీద, నారింజ రంగు డ్రెస్సులో ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. కాళ్ళే కనిపించాయి. అక్కడ ఆ రంగు వేసుకునేది క్రేను మనిషి ఒక్కడే.

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

"తగ్గించకండి బాబూ! ఎనకాల కార్లు ఒకదాని మీదొకటి ఎక్కేత్తాయండి!" అన్నాడు పెద్దాయన.

"అక్కడ పడింది మా బావమరిదండి."

ఆయన రేడియోలో అడిగాడు. గరగర తప్ప జవాబు లేదు. "అడిగానండి. మీరు నడపండి," అన్నాడు మెల్లగా.

అంబులెన్సులో అయితే తలుపు తీసుకుని దూకుతాను. ఇక్కడ పడిన మనిషి పక్కనుంచే వెళుతూ ఆగకూడదు. ట్రాకు అవతలి వైపు ఖాళీ నేల, దూరంగా కొండలు. వాడికేమైనా అయితే ఇంటికెళ్ళి ఎవరికి చెప్పాలా అనుకున్నాను. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మళ్ళీ వచ్చేసరికి ఆ కాళ్ళు కదిలాయి. మోకాళ్ళు ముడుచుకుని సర్దుకున్నాడు, కానీ లేవలేదు. ఆ తర్వాతి చుట్టులో డ్రైవర్ని స్ట్రెచరు మీదికి ఎక్కిస్తున్నారు. బావమరిది ఒంటికి అంటిన దుమ్ము దులుపుకుంటూ క్రేను ఎక్కుతున్నాడు. కారును లేపి పక్కకు తీసేశాక "లైట్లు ఆర్పేయండి, ఈ రౌండుతో లోపలికి" అన్నాడు పెద్దాయన. స్విచ్ నొక్కి కారును లోపలికి తిప్పాను.

పోటీ అయిపోగానే వాడి దగ్గరికి నడిచాను.

"ఏటయినాది రా? సీటొగ్గీసి కింద పడున్నావేటి?"

"పడ్లేదు బావా. తాడు తగిలిద్దామని దిగాను. లోపల కుర్రోడు భయపడిపోయి నా సెయ్యి పట్టీసుకున్నాడు. డాక్టరు గారు కూడా ఒగ్గొద్దన్నారు. కారు ఒరిగిపోయుంది కదా, పడుకుంటే గానీ సెయ్యి అందట్లేదు."

ఆ అబ్బాయికి భుజం ఎముక విరిగిందట, ప్రాణానికి ఢోకా లేదు.

"నాను నీకేదో అయిపోనాదనుకున్నాను," అన్నాను.

వాడు తల వంచుకుని గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవి శుభ్రమయ్యాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇంటికి రావట్లేదేటి?" అని అడిగాను.

"అక్క లేదు కదా బావా. ఇప్పుడు తలుపు నువ్వు తీత్తావు. అది సూడ్లేక."

ఆ తలుపు రోజూ తీసేది నేనే.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం చేపలు పట్టుకుని వచ్చాడు. ఆమె పులుసు ఎలా పెట్టేదో ఇద్దరికీ రాదు. ఉప్పు ఎక్కువైంది, అయినా వదలకుండా తిన్నాం. వాడు గోడ మీది ఫోటో వైపు చూడలేదు. చీకటి పడకముందే బస్సుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. కంచాలు రెండూ కడిగి బోర్లించి, మర్నాటి పొద్దుటి షిఫ్టుకు యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాను.