పన్ను ఊడిన పాప గుర్తు

గెలిచాం! మా పళ్ళపొడి పొట్లం మీది పాప బొమ్మ మాదేనని, ఇంకెవరూ వాడకూడదని మదురై కోర్టులో తీర్పు వచ్చిందట. వకీలుగారి తంతి ఈ ఉదయమే అందింది. ఆ బొమ్మ గీసిన మా డ్రాయింగు వాద్యారు, అదే, బళ్ళో బొమ్మలు నేర్పిన పంతులుగారు, నిన్ననే కన్నుమూశారు. ఒక్క రోజు! ఎగిరి గంతులు వేయనా, ఏడవనా, మీరే చెప్పండి.

ఊక కాల్చి, ఉప్పూ లవంగం కలిపి దంచి పొట్లాలు కట్టడం మొదలుపెట్టిన కొత్తలో, మురుగన్ బొమ్మ వేయించుకుందామని వాద్యారి దగ్గరికి వెళ్ళాను.

"సామి అందరికీ సామే గదప్పా. రేపు పక్క అంగడివాడు అదే బొమ్మ వేస్తే నాదని అనగలవా? నీదంటూ ఏముండాది?" అన్నారు.

నా వెనక నక్కిన మా అమ్మాయి ఇకిలించింది. ఏడేళ్ళది, ముందరి పళ్ళు రెండూ అప్పుడే ఊడాయి. వాద్యారు పెన్సిలు తీశారు.

తళవాయిపురం బావమరిది ఆ పొట్లం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "పల్లు లేని బిడ్డను పెట్టి పల్లుపొడి అమ్మతావా బావా? నీకు పైత్యమే!"

"నవ్వనీ. నవ్వినోళ్ళు మరిచిపోరు," అన్నారు వాద్యారు. అలాగే జరిగింది. చదువు రానివాళ్ళు కూడా పాప పొడి కావాలని అడిగి కొనేవారు. వాద్యారికి అప్పటికే ఒక్క పన్నూ లేదు. అయినా నెలనెలా పొట్లం కొని చిగుళ్ళకు రుద్దుకునేవారు. ఊరికే ఇస్తే కోపం.

యుద్ధం రోజుల్లో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది. సంతకు వచ్చిన ఒకావిడ పొట్లం నా మొహాన విసిరింది. "చూడు, చిగురంతా నెత్తురు! కన్నబిడ్డ మొగము పెట్టి ఇటికపొడి అమ్మినావే, థూ!"

నాలుక మీద వేసుకున్నాను. ఇటుకే, ఇసకే. ఎన్నిసార్లు ఉమ్మినా పోలేదు. పొట్లం మాది కాదు. బొమ్మ మాత్రం మాదే, ఊడిన రెండు పళ్ళతో సహా.

ఆ దొంగ పొట్లం కట్టింది మా పొడి అమ్మిపెట్టే అంగడివాడే. మా ఇంట తిన్నవాడు, ఆ బిడ్డనే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాడు. "బిడ్డలు ఎక్కడైనా బిడ్డలే మామా. మీ పాప అని బొమ్మ మీద రాసుండాదా?" అన్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి. కొత్త చట్టం వచ్చింది, గుర్తు రిజిస్టరు చేయమని వాద్యారు ఎంత మొత్తుకున్నా నేను బద్ధకించాను. వాడు బద్ధకించలేదు, ముందే తన పేర అర్జీ పెట్టాడు!

నేను దావా వేస్తే కోర్టులో, బొమ్మ తన బుర్రలో పుట్టిందన్నాడు. సాక్ష్యానికి కర్ర ఊతతో వచ్చిన వాద్యారు బోసినోరు తెరిచారు. "పల్లుపొడి అమ్మేవాడు ఎవడైనా తనంతట తాను పల్లు లేని బిడ్డను వేస్తాడా సామీ? ఆ పిచ్చి పని చేసినోణ్ణి నేనొక్కణ్ణే." జడ్జీగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నిన్న ఆ అంగడివాడు వాద్యారి శవం దగ్గరికి పెద్ద మాలతో వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చాడు. చీ! ఆ మాల తాకబుద్ధి కాలేదు.

ఇక ఈ కబురు అందరికీ చెప్పాలి. సేత్తూరులో కాపురమున్న మా అమ్మాయికి, నీ మొగము నీకొచ్చిందమ్మా అని. తళవాయిపురం బావమరిదికి, మళ్ళీ నవ్వనీ. దావా గెలవాలని సత్రపట్టిలో మొక్కుకుని కూర్చున్న మా అక్కకు. అందరికంటే ముందు వాద్యారి భార్యకు. వారి కిటికీ గట్టు మీద సగం వాడిన పొట్లం ఇంకా విప్పే ఉంది. పొడిలో వారి వేలు దిగిన గుంట అలాగే ఉంది.