చప్పుడు లేని లెక్కలు

మా కోడలు కోమల పదో తరగతి లెక్కల పరీక్ష మూడోసారి రాసి, నలభై రెండు మార్కులతో గెలిచింది. అప్పటికి ఆమెకు ముప్పై మూడేండ్లు. రెండుసార్లు తప్పినప్పుడు నవ్వినోళ్ల పేర్లన్నీ నాకు యాదికున్నయి గని, ఇక్కడ రాయను. నలభై రెండు అన్నది మాత్రం రాస్తున్న. కాయితం చూపెట్టమంటే చూపెడ్త.

బోథ్ దిక్కు పత్తి చేన్ల నుంచి మా నేతోళ్ల ఇంటికి వచ్చిన పిల్ల. నా కొడుకు గోపాల్ సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతడు. అదే కార్ఖానల కోమల రాట్నం కాడ కూసొని నూలు కండెలు చుడ్తది. ఓపెన్ స్కూల్‌ల పేరు రాయించుకొని, ఫోన్‌ను ఒక అట్టముక్కకు ఆనిచ్చి, పని చేసుకుంటనే పాఠాలు చూసేది. పన్నెండు సాంచెలు ఒక్కసారి కొట్టుకుంటుంటే ఫోన్‌ల సారు మాట ఎవరికి వినపడ్తది? మేము సాంచెల నడుమ పెదవులు చూసి, చేతి సైగలతోని మాట్లాడుకుంటం. గా సారేమో అసలు సంగతి చెప్పే యాళ్లకు బోర్డు దిక్కు తిరిగేటోడు. కోమల వీడియోను ఆపుకుంట, బోర్డు మీది ఒక్కొక్క వరుస అట్టల మీద ఎక్కించుకుంట నేర్చుకున్నది.

పాసైనంక, "నేనే పాఠం చెప్త," అన్నది. మొదటి వీడియో కార్ఖానలనే తీసి యూట్యూబ్‌ల పెట్టింది. సాంచెలు నడుస్తున్నయని ఆమెకు తోచలే, నాకూ తోచలే. దినాం వినేటోళ్లం, మాకది చప్పుడే కాదు. వీడియో కింద ఎవరో రాసిండ్రు: "అక్కా, గూడ్సుబండి కింద కూసొని చెప్తున్నవా?"

"తీసెయ్యి బిడ్డా," అన్న.

"ఎందుకు మామా? నోరు వినపడకుంటే చేతులు లేవా?"

ఆవాజ్ మొత్తం బందు చేసింది. పలక పట్టుకొని మా సాంచెల సైగలతోనే చెప్పింది. పోగు తెగిందనే సైగ తీసివేతకు, ముడేసిన సైగ కూడికకు. నేను ఏడో తరగతి దాక ఊరిబడిల చదివినోణ్ణి. భిన్నాలు నాకు డెబ్బై రెండో ఏట తలకెక్కినయి. ఇప్పుడు కోమల వాట్సాప్ గ్రూపుల రెండు వందల పదారు మంది ఉన్నరు, సాంచెల కాడోళ్లు, బీడీలు చేసేటోళ్లు. నిరుడు అందుల పంతొమ్మిది మంది పది పాసైండ్రు.

బోథ్ నుంచి బిల్కీస్ అనే తల్లి మెసేజ్ పంపింది: "మా యుమ్నాకు చెవులు వినపడవు. మీ వీడియో చూసి, ఎవ్వర్నీ అడగకుంట లెక్క చేసింది. జర ఇంకా పెట్టుండ్రి."

గా వీడియోలు కరీంనగర్‌ల వినపడని పిల్లలకు చదువు చెప్పే ఒక సంస్థ చూసింది. అక్కడనే ఉండి, అసలైన సైగల భాష నేర్చుకొమ్మని కోమలను నలభై ఐదు దినాల శిక్షణకు పిలిచింది.

కార్ఖాన ఆసామి రాంచందర్ అడ్డం తిరిగిండు. "పోతే పో. నువ్వొచ్చేసరికి రాట్నం కాడ ఇంకొకరు ఉంటరు."

కోమల నా దిక్కు చూసింది. ఆ జాగ పోతే ఇల్లు గడవదు. పోకుంటే గా పిలుపు మళ్ల రాదు.

"ఇంకొకరు ఎందుకు? నేను కూసుంట," అన్న.

"నువ్వా కాకా? డెబ్బై రెండేండ్లకా?"

"లెక్క నీకూ వచ్చు, సంతోషం. కండె వదులైతే అప్పుడు చెప్పు."

"మూడు దినాలు కూసోలేవు."

"నాలుగో దినం వచ్చి చూడు."

నాలుగో దినం వచ్చిండు. కండె చేతిల పట్టుకొని బొటనవేలితో నొక్కి చూసిండు. పెట్టి పోయిండు.

ఇది రాస్తున్నది ఇరవై రెండో దినం. నడుము నొస్తున్నది, నొయ్యనీ. మామ ఆడోళ్ల పని చేస్తుండని నవ్వేటోళ్లకు ఒక్కటే చెప్తున్న: అప్పుడూ నవ్విండ్రు, నలభై రెండు వచ్చినయి. రాట్నం కాడ కోమల ఫోన్ ఆనిచ్చే అట్ట అట్లనే ఉన్నది. రాంచందర్ తీసెయ్యమన్నడు, తియ్యలే. గా జాగ కోమలదే. వచ్చి కూసునేది 2025 మార్చి 24, సోమారం పొద్దున.