కసిమి కుండలో అల్లం టీ

ఆ రోజుల్లో నేను ఆకలికి భయపడేదాన్ని కాదు, మేస్త్రి గారికి భయపడేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే రెండూ అంత భయపడాల్సినవి కావనిపిస్తుంది గానీ, ఇరవై ఆరేళ్ళకే మొగుడు పోయి, అత్తమ్మతో పెడనలో ఒంటి గదిలో ఉంటున్నదానికి ఆ తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది? కలంకారీ షెడ్డులో చేరి మూడేళ్ళు కాలవలో నిలబడి గుడ్డలు జాడించాను. ఆ ఏడు దసరా వెళ్ళాక మేస్త్రి గారు పిలిచి అచ్చులు వేసే బల్ల ఇచ్చారు. బల్ల అంటే మాలో చిన్న సంగతి కాదు. కాలవలో ఉన్నంతకాలం నన్ను ‘ఏమే’ అన్నవాళ్ళు, బల్ల దగ్గర నిలబడిన రోజు నుంచి ‘ఏమ్మా’ అన్నారు. ఇస్తూనే ఆయన ఓ మెలిక పెట్టారు.

“నెల్రోజులు చూస్తాను. చెయ్యి మందగించిందా, మళ్ళీ కాలవకే. అన్నట్టు రంజాను వస్తోందిగా, ఒక్కపొద్దులుంటావా?”

ఆ అడగడానికి కారణముంది. అంతకుముందు ఏడు ఉపవాసమున్న ఒక బావ (షెడ్డులో అందరం వరసలు కలిపేసుకునేవాళ్ళం) మధ్యాహ్నం కళ్ళు తిరిగి తడి అచ్చుల మీద బోర్లా పడ్డాడు. లేచేసరికి గుడ్డ మీద నెమళ్ళన్నీ ఆయన చొక్కా మీదున్నాయి. అప్పటినుంచి ఒక్కపొద్దులున్నవాళ్ళకి ఆ నెల బల్ల లేదు. నాకేమో బల్లా కావాలి, ఒక్కపొద్దులూ కావాలి. “లేదండీ, నాకు పడవు” అనేశాను. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ చేతిలో చేట పక్కన పెట్టి, “అబద్ధంతో మొదలెట్టావా ఒక్కపొద్దు? సరే, ఉండు. తెల్లారగట్ల ఎండుచేప మాత్రం ముట్టకు” అంది. నేను మొదటిరోజే ముట్టాను. బలం కదా అని నాలుగు ముక్కలు ఎక్కువే తిన్నాను. పది గంటలకల్లా నాలుక అట్టముక్కైపోయింది. పక్కన రంగునీళ్ళు కూడా మంచినీళ్ళలాగే కనిపించాయి.

మర్నాటి నుంచి అత్తమ్మ మాటే విన్నాను. తెల్లారకముందు పెరుగన్నం, ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, నెమ్మదిగా నీళ్ళు. పెద్ద అచ్చులన్నీ పొద్దుటే వేసేసి, చేతికి తేలికైన చిన్న పువ్వులు మధ్యాహ్నానికి అట్టేపెట్టుకునేదాన్ని. మెడ మీద తడిగుడ్డ వేసుకునేదాన్ని. అన్నిటికన్నా గొప్ప కిటుకు నాదే: నీరసం వచ్చినప్పుడల్లా అచ్చు మీద ఇంకాస్త గట్టిగా గుద్దేదాన్ని. ధబ్, ధబ్ మని షెడ్డు దద్దరిల్లుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

అసలు చిక్కు టీతో వచ్చింది. పదకొండింటికి హోటలు నుంచి అల్లం టీ వచ్చేది. మేస్త్రి గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని అందరూ తాగేదాకా చూసేవారు. వద్దంటే దొరికిపోతాను. బయట పారబోద్దామంటే గుమ్మంలో ఆయన. నా బల్ల వెనక మూలనే కసిమి కుండ ఉండేది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి నీళ్ళలో మూడు వారాలు ఊరబెడితే వచ్చే నల్లరంగు అది. ఎటూ నల్లగా అచ్చయ్యేదే, గ్లాసుడు టీ పడితే ఏమవుతుందిలే అనుకుని ఆయన చూపు అటు తిరగ్గానే మూత తీసి వంపేశాను. (అంత తెలివి నాది.) ఖాళీ గ్లాసు చూసి, నా ధబ్ ధబ్ విని ఆయన మురిసిపోయారు. “చూడండర్రా ఈ అమ్మాయిని! టీ పడితే మనిషి ఇలా ఉండాలి. రేపట్నుంచి ఈవిడకి రెండు గ్లాసులు” అన్నారు. కుండకి రోజూ రెండు గ్లాసులు.

ఆ ఏడు కార్తీకమూ రంజానూ కలిసొచ్చాయి. సోమవారం పక్క బల్ల అక్క గొంతెత్తి, “నాకొద్దండీ, ఇవాళ ఉపాసం” అంది. “మంచిదమ్మా” అన్నారు మేస్త్రి గారు. (ఆవిడది పదిహేనేళ్ళ బల్ల, పైగా వారానికి ఒక్కరోజే.) అక్క తన గ్లాసు నా ముందు పెట్టింది. “నువ్వు తాగవే, పనిమంతురాలివి.” ఆ రోజు కుండకి మూడు.

పన్నెండో రోజుకి నల్లరంగు బూడిదరంగులా దిగింది, గీతలు అలుక్కుపోయాయి. మేస్త్రి గారు కుండ మూత తీసి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. కసిమి పదును ఆయనెప్పుడూ నాలికతోనే చూసేవారు. మళ్ళీ ఒకసారి రాసుకున్నారు.

“నా కసిమిలో అల్లం ఎవరేశారు?”

“అల్లమేంటండీ, కసిమికి జలుబు చేసిందా?” అంది అక్క.

ఆయన గరిటెతో తోడారు. విరిగిన పాల తరకలు, మధ్యలో ఒక యాలక్కాయ తొక్క. అక్క గరిటె వంకా నా వంకా చూసి, “ఒసేవ్, నా టీ కూడానా!” అంది.

దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఒక్కపొద్దులున్నానండీ అన్నాను.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మొదట్నుంచేనండీ.”

“మరి ఆ హుషారంతా టీది కాదా?”

“కాదండీ. భయానిదండీ.”

ఆయన నవ్వలేదు. గరిటె కుండలోకి జారవిడిచి, “ఉపాసమున్నావని కాదు నాకు కోపం. మూడు వారాల కుండ పాడుచేశావు. కొత్త కుండ నువ్వే పెట్టు. అది ఊరేదాకా కాలవలో ఉండు. కుదిరితే బల్ల నీది, కుదరకపోతే లేదు” అన్నారు.

ఏడుస్తూ వెళ్ళాను గానీ, నడుంలోతు చల్లటి నీళ్ళలో దిగాక తెలిసింది, ఒక్కపొద్దు మనిషికి అంతకన్నా సుఖమైన పని షెడ్డు మొత్తమ్మీద లేదని. సోమవారాలు సాయంత్రం అక్క కూడా గట్టుకొచ్చేది. ఆవిడ చుక్క కోసం ఆకాశంలోకి చూసేది, నేను అజా కోసం మసీదు వైపు చెవి పెట్టేదాన్ని. ఎవరిది ముందొస్తే వాళ్ళు రెండోవాళ్ళని ఊరిస్తూ తినేవాళ్ళం. కుండ మాత్రం రోజూ పొద్దున్నా సాయంత్రం కలిపేదాన్ని, ఈగని కూడా వాలనివ్వలేదు. పండగ వెళ్ళిన మూడో రోజున మేస్త్రి గారు వేలు ముంచారు, నాలిక్కి రాసుకున్నారు. ఆయన వేలు తుడుచుకుని, “వచ్చే ఏడు నాకు చెప్పే ఒక్కపొద్దులుండు. పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం వెళ్ళిపోదువుగాని” అన్నారు. బల్ల ఇచ్చినట్టేనని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది.

ఇప్పుడూ ఆ బల్ల నాదే. సుగరు వచ్చింది, ఒక్కపొద్దులు వద్దన్నాడు డాక్టరు. పొట్టనిండా తిని వచ్చి నిలబడినా మధ్యాహ్నానికి భుజం లాగేస్తుంది, చిన్న పువ్వులకి కూడా చెయ్యి లేవదు. అప్పుడు ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఎండిన పెదాలతో, ఖాళీ కడుపుతో, లోకమంతా వినాలన్నట్టు ఎలా గుద్దేదో! అంత బలం ఎక్కడ దాచుకుందో అడుగుదామంటే, ఆ పిల్ల నాకు కూడా నిజం చెప్పే రకం కాదు.